ఐదు స్పీకర్లు మోగుతున్నాయి సరే, ఐదు చానెళ్లు వస్తున్నాయా?

కొత్త హోమ్ థియేటర్ ఇంటికి వస్తుంది. టీవీ వెనక హెడ్‌ఫోన్ సాకెట్‌లోంచి ఒక వైరు లాగి యాంప్‌కి తగిలిస్తారు. ఐదు స్పీకర్లూ మోగుతాయి, సబ్‌వూఫర్ కిటికీ అద్దాలు అదరగొడుతుంది, పని అయిపోయిందనుకుంటారు. ఒక్కసారి వెనక స్పీకర్ దగ్గరికెళ్లి చెవి పెట్టి వినాలి. ముందు వినిపించే డైలాగే అక్కడా వినిపిస్తుంటే ఆ ఇంట్లో సరౌండ్ సౌండ్ లేనట్టే. రెండు చానెళ్ల స్టీరియోనే ఐదు పెట్టెలకు పంచుతోంది ఆ యాంప్.

5.1 అంటే ఆరు వేర్వేరు ట్రాకులు. ముందు ఎడమ, ముందు కుడి, మధ్యలో సెంటర్, కూర్చున్నవాళ్లకు ఇరుపక్కలా రెండు సరౌండ్లు కలిపి ఐదు. ఆ చివరి ‘.1’ అనేది 120 హెర్ట్జ్ లోపు బేస్ కోసమే కేటాయించిన ట్రాకు. సినిమాలో మాటలు దాదాపు అన్నీ సెంటర్‌లోనే ఉంటాయి. పాట ప్రధానంగా ముందు రెండు స్పీకర్లలో పరుచుకుంటుంది. వాన చప్పుడు, జాతరలో జనం గోల, పక్కనుంచి దూసుకుపోయే లారీ సరౌండ్లలోకి వెళ్తాయి. ఈ ఆరూ సినిమా ఫైలులోంచి బయల్దేరి యాప్, టీవీ, వైరు, డీకోడర్ (ప్యాక్ చేసి వచ్చిన శబ్దాన్ని విప్పే భాగం), యాంప్ దాటుకుని స్పీకర్ దాకా విడివిడిగా చేరాలి. దారిలో ఎక్కడైనా రెండుగా కుదించుకుపోతే, ఆ తర్వాత ఎంత ఖరీదైన యాంప్ ఉన్నా అసలు ఆరు తిరిగి రావు. డాల్బీ సరౌండ్, ప్రో లాజిక్ లాంటి మోడ్‌లు రెండింటిలోంచి ఐదింటిని ఊహించి తయారుచేస్తాయి. పాత పాటలకు ఆ ఊహ బాగానే ఉంటుంది గానీ, మిక్సింగ్ స్టూడియోలో ఏ శబ్దాన్ని ఎక్కడ పెట్టారో దానికి తెలియదు.

అందుకే కనెక్షన్ సంగతి చూసేటప్పుడు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఆరు చానెళ్లు ఎక్కడిదాకా ఆరుగానే ఉన్నాయి?

ఏ వైరు ఎంత మోస్తుంది

హెడ్‌ఫోన్ సాకెట్, ఎరుపు-తెలుపు ఆర్‌సీఏ పిన్‌లు, బ్లూటూత్, ఈ మూడింటిలోనూ వచ్చేది రెండు చానెళ్లే. టీవీ లక్ష రూపాయలదైనా ఇది మారదు. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా రావడం అదనపు తలనొప్పి.

ఆప్టికల్ కేబుల్‌ని తోషిబా 1983లో సీడీ ప్లేయర్ల కోసం తయారుచేసింది. టోస్‌లింక్ అనే పేరు అక్కడిదే. సీడీలో ఉండేది స్టీరియో కాబట్టి దాని సామర్థ్యం కూడా ఆ మేరకే పెట్టారు. రెండు చానెళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం), లేదంటే చానెళ్లు తగ్గకుండా డేటాను మాత్రం కుదించిన డాల్బీ డిజిటల్ 5.1, అలాంటిదే మరో కంపెనీ పద్ధతి డీటీఎస్ 5.1 అందులో పడతాయి. కుదించని 5.1 పీసీఎం పట్టదు. ఓటీటీ యాప్‌లు ఎక్కువగా వాడే డాల్బీ డిజిటల్ ప్లస్ కూడా పట్టదు. టీవీయే దాన్ని మామూలు డాల్బీ డిజిటల్‌గా మార్చి ఆప్టికల్‌లోకి పంపాలి. చాలా టీవీలు ఆ పని చేస్తాయి. 5.1 నిలబడుతుంది, అట్మాస్ (తల మీదినుంచి కూడా శబ్దం వచ్చేలా చేసే డాల్బీ పద్ధతి) ఉంటే ఆ పైకప్పు శబ్దాల సమాచారం మాత్రం పోతుంది.

హెచ్‌డీఎంఐ ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది. మామూలుగా హెచ్‌డీఎంఐ వైరు టీవీలోకి బొమ్మనూ శబ్దాన్నీ తెస్తుంది. ఆర్క్ అదే వైరులో టీవీ నుంచి వెనక్కి యాంప్‌కి శబ్దం పంపుతుంది. ఇందులో డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్తుంది, దానితోపాటు ఓటీటీ అట్మాస్ కూడా వెళ్తుంది. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈ-ఆర్క్ సెకనుకు 37 మెగాబిట్ల దాకా మోస్తుంది. కుదించని 7.1 (5.1కి అదనంగా వెనక రెండు చానెళ్లు) పీసీఎం, బ్లూ-రేలో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ దీనిలోనే పడతాయి.

ఓటీటీ మాత్రమే చూసే ఇంట్లో టీవీకి ఈ-ఆర్క్ లేదని బాధపడనక్కర్లేదు. నెట్‌ఫ్లిక్స్ అట్మాస్ శబ్దం సెకనుకు 768 కిలోబిట్లు మించదు, అది డాల్బీ డిజిటల్ ప్లస్‌లోనే వస్తుంది, పాత ఆర్క్‌కి అది పెద్ద బరువు కాదు. ఈ-ఆర్క్ అవసరమయ్యేది బ్లూ-రే డిస్కులు చూసేవాళ్లకి, గేమ్ కన్సోల్‌ని టీవీకే తగిలించేవాళ్లకి. కేబుల్ విషయంలోనూ అంతే. ఆర్క్ శబ్దం 14వ పిన్ మీద నడుస్తుంది. ఈ-ఆర్క్‌కి 14, 19 పిన్‌లు జంటగా కావాలి, ‘హై స్పీడ్ విత్ ఈథర్‌నెట్’ అని ముద్రించిన కేబుల్‌లో ఆ జంట ఉంటుంది. బంగారు పూత ఉన్న కనెక్టర్ శబ్దం నాణ్యతను పెంచదు.

డీకోడర్ లేని 5.1 సెట్లు

చాలా తెలుగు ఇళ్లలో ఉండేవి ఆడియో-వీడియో రిసీవర్లు (డీకోడర్, యాంప్ ఒకే పెట్టెలో ఉండేవి) కావు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ లాంటి బజార్లలో బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ కొని కట్టించుకున్న అసెంబుల్డ్ యాంప్‌లు, కంప్యూటర్ దుకాణాల్లో దొరికే 5.1 మల్టీమీడియా సెట్లు. వీటిలో పవర్ బాగానే ఉంటుంది, చాలావాటిలో డీకోడర్ మాత్రం ఉండదు. పెట్టె మీద 5.1 అని రాసి ఉండటానికి కారణం వెనక ఆరు ఆర్‌సీఏ సాకెట్లు ఉండటమే. ఆ ఆరూ ఒకప్పుడు డీవీడీ ప్లేయర్ నుంచి వచ్చే ఆరు వైర్ల కోసం పెట్టినవి. టీవీకి అలాంటి ఆరు అవుట్‌పుట్‌లు లేవు. అందుకే రెండు పిన్‌ల వైరు తెచ్చి ‘ఆక్స్’ లోకి గుచ్చుతారు, యాంప్ ముందు శబ్దాన్నే వెనక్కీ కాపీ చేస్తుంది.

ఈ లోటు తీర్చేది విడిగా దొరికే 5.1 డీకోడర్ బాక్స్. టీవీ నుంచి ఆప్టికల్ గానీ ఆర్క్ గానీ అందులోకి వెళ్తుంది. అది డాల్బీ డిజిటల్‌ని విప్పి ఆరు అవుట్‌పుట్‌లు ఇస్తుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఆర్క్ అడాప్టర్’, ‘డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్’ పేరుతో అమ్మే చిన్న డబ్బాల్లో చాలావరకు స్టీరియోవే. వాటికి ఎరుపు, తెలుపు రెండే అవుట్‌పుట్‌లు ఉంటాయి. టీవీలో డాల్బీ పెట్టి వాటికి పంపితే నిశ్శబ్దమో, చెవులు చిల్లులు పడే బరబరో వస్తుంది. ఆరు ఆర్‌సీఏలు గానీ మూడు 3.5 ఎం.ఎం. జాక్‌లు గానీ ఉండి, ఏసీ-3, డీటీఎస్ రెండూ విప్పుతుందని రాసి ఉన్న బాక్సే పనికొస్తుంది. ఏసీ-3 అంటే డాల్బీ డిజిటలే.

ఆరు సాకెట్లకు రంగుల ఆనవాయితీ ఒకటుంది: తెలుపు ముందు ఎడమ, ఎరుపు ముందు కుడి, ఆకుపచ్చ సెంటర్, ఊదా సబ్‌వూఫర్, నీలం ఎడమ సరౌండ్, బూడిద రంగు కుడి సరౌండ్. దీన్ని అందరూ పాటించరు కాబట్టి రంగు కంటే పక్కన ఉన్న అక్షరాలు చూసి తగిలించడం మేలు. మూడు జాక్‌ల డీకోడర్‌లో సెంటర్, సబ్ ఒకే జాక్‌లో వస్తాయి. ఆ రెండూ తారుమారు కావడం మామూలే. అప్పుడు డైలాగులు సబ్‌లోంచి గోనెసంచిలో నోరు పెట్టి మాట్లాడినట్టు వస్తాయి, సెంటర్ స్పీకర్‌లో అప్పుడప్పుడు ‘ధబ్’ మనే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. యాంప్ వెనక ఆ రెండు పిన్‌లను అటుదిటు మార్చితే చాలు.

డీకోడర్ పెట్టాక ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ‘బేస్ తగ్గిపోయింది’ అని. డీకోడర్ పాడవలేదు. ఆక్స్‌లో ఉన్నప్పుడు యాంప్ రెండు చానెళ్లలోని బేస్‌ని వడగట్టి సబ్‌కి పంపేది. ఇప్పుడు ఆరు సాకెట్లలో సబ్‌కి వెళ్లేది ఆ ‘.1’ ట్రాకు ఒక్కటే. పాటల్లో ఆ ట్రాకు తరచు ఖాళీగా ఉంటుంది, డోలు, మృదంగం ముందు స్పీకర్లలోనే ఉంటాయి, ఆ చిన్న స్పీకర్లకు అంత లోతు పలకదు. రిసీవర్ అయితే చిన్న స్పీకర్ల బేస్‌ని సబ్‌కి మళ్లిస్తుంది. చవక డీకోడర్లలో ఆ సదుపాయం చాలావరకు ఉండదు. పైగా ‘.1’ ట్రాకును విప్పాక 10 డెసిబెల్స్ పెంచి వినాలన్నది ప్రమాణం, ఆ పెంపు కూడా ఈ బాక్సుల్లో తరచు జరగదు. సబ్ నాబ్ పెంచితే సినిమాలకు సగం బాగవుతుంది. పాటలకు మళ్లీ ఆక్స్‌లోకి మారడమో, ముందు రెండింటికి కనీసం 5 లేదా 6 అంగుళాల వూఫర్ ఉన్న స్పీకర్లు పెట్టడమో తప్ప మార్గం లేదు.

ఆర్క్‌తో కలపడం

రిసీవర్ గానీ, ఆర్క్ ఉన్న హోమ్ థియేటర్ గానీ ఉంటే పని సులువు. టీవీకి మూడు నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులున్నా ఆర్క్ ఒక్కదానికే ఉంటుంది, పక్కన ఆ మాట రాసి ఉంటుంది. కేబుల్ అటు కొస రిసీవర్‌లో హెచ్‌డీఎంఐ ఇన్‌లోకి కాదు, ‘అవుట్’ లోకి వెళ్లాలి. టీవీ నుంచి శబ్దం వస్తోంది కదా అని ‘ఇన్’ లో గుచ్చడం అందరూ చేసే పొరపాటు. బొమ్మ వెళ్లే దారికి ఎదురుగా శబ్దం వెనక్కొస్తుంది కాబట్టి ‘అవుట్’ అనే పేరు అక్కడ తికమక పెడుతుంది.

తర్వాత రెండింటిలోనూ సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు గుండా పరికరాలు ఒకదాన్నొకటి అదుపు చేసుకునే సదుపాయం) ఆన్ చేయాలి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: శామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్, ఎల్జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్, ఫిలిప్స్‌లో ఈజీలింక్. సీఈసీ ఆగిపోతే ఆర్క్ కూడా పలకదు. ఈ-ఆర్క్ మాత్రం సీఈసీ లేకపోయినా పరికరాన్ని గుర్తుపడుతుంది, అయితే టీవీ రిమోట్‌తో వాల్యూమ్ పెంచాలంటే దానికీ సీఈసీ ఉండాల్సిందే. రిసీవర్ సెటప్‌లో ఆర్క్ అనే స్విచ్ విడిగా ఉంటే దాన్నీ ఆన్ చేయాలి.

ఇక టీవీ సౌండ్ మెనూలో రెండు చోట్ల మార్చాలి. మొదటిది శబ్దం ఎక్కడికి వెళ్లాలన్నది. టీవీ స్పీకర్ తీసేసి రిసీవర్ లేదా ఆడియో సిస్టమ్ ఎంచుకోవాలి. రెండోది ఏ రూపంలో వెళ్లాలన్నది, అసలు కిటుకు ఇక్కడే ఉంది. డిజిటల్ అవుట్‌పుట్ పేరుతో పీసీఎం, ఆటో, పాస్‌త్రూ (వచ్చినదాన్ని మార్చకుండా పంపడం) అనే ఎంపికలు ఉంటాయి. పీసీఎం పెడితే ఆర్క్, ఆప్టికల్ రెండింటిలోనూ టీవీ ఆరు చానెళ్లను తానే రెండుగా కలిపి పంపుతుంది. శబ్దం శుభ్రంగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, ఏళ్ల తరబడి అలాగే నడిచిపోతుంది. ఆటో గానీ పాస్‌త్రూ గానీ పెట్టాలి. డీకోడర్ బాక్స్ వాడేవాళ్లు మెనూలో ‘డాల్బీ డిజిటల్’ అని విడిగా కనిపిస్తే అదే ఎంచుకోవాలి.

ఫలితం చెప్పేది రిసీవర్ ముందు భాగంలో వెలిగే అక్షరాలు. డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్, డాల్బీ అట్మాస్, మల్టీ చానెల్, వీటిలో ఏదైనా కనిపిస్తే సాధారణంగా ఆరూ చేరినట్టే. పీసీఎం, స్టీరియో అని గానీ, సినిమా నడుస్తుండగా ప్రో లాజిక్ అని గానీ ఉంటే దారిలో ఆరూ రెండుగా కుదించుకుపోయాయి. డిస్‌ప్లే లేని యాంప్ అయితే యూట్యూబ్ టెస్ట్ వీడియోలను నమ్మకూడదు, అక్కడ ఎక్కువ వీడియోల శబ్దం స్టీరియోనే. స్పీకర్ పేరు పలికే 5.1 టెస్ట్ ఫైలుని ఏసీ-3 రూపంలో పెన్‌డ్రైవ్‌లో వేసుకుని టీవీకి పెట్టి చూడాలి.

అన్నీ సరిగ్గా ఉన్నా శబ్దం రాకపోతే రెండింటి ప్లగ్గులూ గోడలోంచి పీకి, రెండు నిమిషాలు ఆగి, ముందు టీవీ తర్వాత రిసీవర్ ఆన్ చేయాలి. రిమోట్‌తో ఆపితే సీఈసీ జ్ఞాపకం చెరగదు, ప్లగ్గు పీకడం అందుకే. కరెంటు పోయొచ్చిన ప్రతిసారీ ఆర్క్ మొరాయించే ఇళ్లలో కూడా ఇదే మందు.

సెట్‌టాప్ బాక్స్, స్టిక్, గేమ్ కన్సోల్

టీవీ సరిగ్గా పంపుతున్నా, దానికి అందేదే రెండు చానెళ్లయితే ఎవరూ ఏమీ చేయలేరు. నెట్‌ఫ్లిక్స్‌లో ఆడియో భాష ఎంచుకునే చోట తెలుగు పక్కన 5.1 అని ఉందో లేదో చూడాలి. ఒకే సినిమాకు ఒక భాషలో 5.1, ఇంకో భాషలో స్టీరియో ఉండొచ్చు. అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ ఉండాలి. సెట్‌టాప్ బాక్స్ మెనూలో శబ్దం స్టీరియోకి సెట్ అయి ఉంటే డాల్బీకి మార్చాలి. మార్చినా చాలా చానెళ్లలో ప్రసారమే స్టీరియో, సీరియళ్లకూ వార్తలకూ అంతకన్నా అక్కర్లేదు కూడా.

పీఎస్5 మొదట్లో లీనియర్ పీసీఎం పంపుతుంది. పాత ఆర్క్ మీద అది స్టీరియోగా మిగులుతుంది, సౌండ్ మెనూలో బిట్‌స్ట్రీమ్ డాల్బీకి మార్చితే 5.1 వస్తుంది. ఆపిల్ టీవీలో ‘చేంజ్ ఫార్మాట్’ ఆన్ చేసి డాల్బీ డిజిటల్ 5.1 ఎంచుకోవాలి.

పెన్‌డ్రైవ్‌లో సినిమా పెడితే బొమ్మ వస్తుంది, శబ్దం రాదు. దీనికి తరచు కారణం డీటీఎస్. శామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి డీటీఎస్ తీసేసింది. ఎల్జీ 2020లో తీసేసి 2023లో కొన్ని మోడళ్లలో తిరిగి తెచ్చింది. అలాంటి టీవీ ఉంటే బాక్స్‌ని గానీ ప్లేయర్‌ని గానీ టీవీకి కాకుండా నేరుగా రిసీవర్‌కే తగిలించి, బొమ్మ మాత్రం అక్కణ్నుంచి టీవీకి పంపడం మంచి పద్ధతి. శబ్దం టీవీ గుండా వెళ్లనే వెళ్లదు. రిసీవర్ పాతదైతే ఒక ఇబ్బంది: హెచ్‌డీసీపీ 2.2 (కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ పద్ధతి) లేని రిసీవర్ గుండా 4కె ఓటీటీ బొమ్మ వెళ్లదు, నల్ల తెరో తక్కువ రిజల్యూషనో వస్తుంది.

హాల్లో ఏది ఎక్కడ

12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న హాలు తీసుకుందాం. 12 అడుగుల గోడకు టీవీ, దానికి 10 అడుగుల దూరంలో సోఫా. ముందు రెండు స్పీకర్ల మధ్య కనీసం 8 అడుగులు ఉండాలి, అప్పుడు మధ్య గీత నుంచి ఒక్కోటి 22 డిగ్రీల పక్కకు వస్తుంది. 30 డిగ్రీల దాకా వెళ్లొచ్చు. రెండూ టీవీకి ఆనించి పెడితే ఎడమ, కుడి తేడా తెలియదు. సెంటర్ సరిగ్గా టీవీ కింద, స్టాండ్ అంచుకు ఆనేలా ముందుకు జరిపి, కొద్దిగా పైకి ఎత్తి చెవులవైపు చూసేలా ఉండాలి. టీవీ యూనిట్ అరలో లోపలికి తోస్తే మాటలు గుయ్యిమంటాయి.

సరౌండ్లను వెనక గోడ మూలల్లో, సీలింగ్ దగ్గర బిగించేయడం మన ఇళ్లలో పాతుకుపోయిన అలవాటు. 5.1కి అది సరైన చోటు కాదు. కూర్చున్నవాళ్లకు 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే భుజాల పక్కన కొంచెం వెనగ్గా, చెవి ఎత్తులో లేదా ఒకటి రెండు అడుగుల పైన ఉండాలి. సోఫా వెనక గోడకు ఆని ఉంటే పక్క గోడలకు, సోఫాకి వరసలో బిగించాలి. స్పీకర్లు సరిగ్గా వెనకే కావాలంటే 7.1 ఉండాలి, అందులో వెనక జంట 135 నుంచి 150 డిగ్రీల దగ్గర ఉంటుంది.

సోఫా గోడకు ఆనినప్పుడు బేస్ పెరిగిపోవడానికి కారణం హాలు కొలతే. 15 అడుగుల గదిలో 38 హెర్ట్జ్ దగ్గర, 12 అడుగుల వెడల్పు వల్ల 47 హెర్ట్జ్ దగ్గర శబ్దం గోడల మధ్య నిలబడిపోతుంది, గోడ పక్కన దాని బలం ఎక్కువ. సోఫాని ఒకటిన్నర, రెండు అడుగులు ముందుకు జరిపినా తేడా తెలుస్తుంది. సబ్‌కి చోటు వెతకడానికి ఒక తిరగేసిన పద్ధతి ఉంది. సబ్‌ని కూర్చునే సోఫా మీద పెట్టి, బేస్ సమంగా నడిచే పాట వేసి, ముందు గోడ పొడుగునా, మూలల్లో నేల దగ్గర తల పెట్టి వినుకుంటూ తిరగాలి. ఎక్కడ బేస్ బొంగురుపోకుండా, ఒక్కో స్వరం తెలిసేలా వినిపిస్తే సబ్‌ని అక్కడ పెట్టాలి.

టైల్స్ నేల, ఖాళీ కాంక్రీటు గోడలు ఉన్న హాల్లో చప్పట్లు కొడితే టింగుమని మోగుతుంది. ఆ మోత డైలాగులను కప్పేస్తుంది. సోఫాకీ టీవీకీ మధ్య ఒక మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన కర్టెన్లు, వెనక గోడకు పుస్తకాల అల్మరా, ఇవి చేసే మేలు ఈక్వలైజర్ చేయలేదు.

స్పీకర్ వైరు, పోలారిటీ

ఇదే హాల్లో ముందు మూడింటికి మొత్తం 8 నుంచి 10 మీటర్లు, గోడ అంచుల వెంట తిప్పుకొస్తే సరౌండ్లకు ఒక్కోదానికి 9, 10 మీటర్లు పడుతుంది. 30 మీటర్ల చుట్ట కొంటే సరిపోతుంది. 8 ఓమ్‌ల స్పీకర్‌కి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు చాలు. 10 మీటర్ల దూరంలో రానూపోనూ కలిపి దాని నిరోధం దాదాపు 0.23 ఓమ్, స్పీకర్ నిరోధంలో 3 శాతం. సెట్‌తోపాటు వచ్చే సన్న వైరు 0.5 చదరపు మిల్లీమీటర్లు ఉంటే అదే దూరానికి 0.7 ఓమ్ అవుతుంది, 4 ఓమ్‌ల స్పీకర్‌కి అది 17 శాతం. తేడా వినిపిస్తుంది. రాగి పూత పూసిన అల్యూమినియం వైరు చవగ్గా దొరుకుతుంది, కత్తిరించి చూస్తే లోపల తెల్లగా ఉంటుంది. అది వాడాల్సి వస్తే ఒక సైజు పెద్దది తీసుకోవాలి. సెట్‌గా అమ్మే కొన్ని హోమ్ థియేటర్ల స్పీకర్లు 3 ఓమ్‌లవి. వాటిని 6, 8 ఓమ్‌ల కోసం తయారైన వేరే యాంప్‌కి తగిలిస్తే యాంప్ వేడెక్కి ప్రొటెక్షన్‌లోకి వెళ్తుంది, లేదా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి వెళ్లాలి. ఒక్క స్పీకర్‌కి తిరగబడితే అది మోగుతూనే ఉంటుంది, ముందు జంటలో మాత్రం బేస్ చప్పబడి, గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా గదంతా తేలుతుంది. గుర్తులు చెరిగిపోయిన పాత స్పీకర్ అయితే వైరుని యాంప్ నుంచి తీసేసి, 1.5 వోల్ట్‌ల పెన్సిల్ సెల్‌ని అర క్షణం తాకించి చూడాలి. కోన్ బయటకు వస్తే సెల్ ప్లస్ తాకిన తీగే ఎరుపు. ట్వీటర్ మీద ఈ పరీక్ష చేయకూడదు.

దూరాలు, స్థాయిలు

శబ్దం ఒక అడుగు నడవడానికి 0.9 మిల్లీసెకన్ పడుతుంది. ముందు స్పీకర్ 10 అడుగుల దూరంలో, సరౌండ్ 5 అడుగుల దూరంలో ఉంటే సరౌండ్ శబ్దం 4.5 మిల్లీసెకన్లు ముందే చేరి దృష్టిని పక్కకు లాగుతుంది. రిసీవర్‌లో దూరాలు టేపుతో కొలిచి ఇస్తే ఆ తేడాను అదే సరిచేస్తుంది. మైక్‌తో వచ్చే రిసీవర్లు ఈ పనంతా తామే చేస్తాయి: డెనాన్‌లో ఆడిసీ, యమహాలో వైపీఏఓ, సోనీలో డీసీఏసీ. మైక్‌ని సోఫా వెన్ను మీద పెట్టకూడదు, చెవి ఎత్తులో ట్రైపాడ్ మీద నిలబెట్టాలి. సీలింగ్ ఫ్యాన్, కూలర్, వీలైతే ఫ్రిజ్ కూడా ఆపాలి. ఫ్యాన్ గాలి మైక్‌కి తగిలితే బేస్ లెక్కంతా తప్పుతుంది.

కొలత ముగిశాక రెండు విషయాలు చూసుకోవాలి. ముందు స్పీకర్లను ‘లార్జ్’ అని గుర్తిస్తే ‘స్మాల్’ చేసి క్రాసోవర్ (అంతకన్నా లోతైన శబ్దాలు సబ్‌కి మళ్లే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టాలి. అరచేతిలో పట్టే శాటిలైట్ స్పీకర్లయితే 120 నుంచి 150. సబ్ దూరం నిజానికి 8 అడుగులుంటే మైక్ 12 అని చూపించొచ్చు, దాన్ని దిద్దకూడదు. సబ్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని కూడా కలిపి చెప్పిన లెక్క అది. మైక్ లేని యాంప్‌కి టెస్ట్ టోన్ పెట్టి, ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్‌తో కూర్చునే చోట ఐదింటినీ 75 డెసిబెల్స్‌కి సమం చేస్తే సరిపోతుంది. ఫోన్ చెప్పే అంకె ఖచ్చితంగా ఉండదు గానీ, ఐదూ సమానమా కాదా చెప్పగలదు.

తర్వాత వచ్చే చిక్కులు

పాటలకు ఇల్లు అదురుతుంది, మాటలు వినిపించవు. ముందుగా సెంటర్ అసలు పలుకుతోందా లేదా చూడాలి. ఆరు చానెళ్లను రెండుగా కుదించేటప్పుడు సెంటర్‌ని సాధారణంగా 3 డెసిబెల్స్ తగ్గించి ఇటూ అటూ కలుపుతారు, మాటలు సంగీతంలో మునిగిపోవడం అక్కడ మొదలవుతుంది. అసలైన 5.1 వచ్చాక కూడా మాటలు చాలకపోతే సెంటర్‌ని ఒక్కదాన్నే 2, 3 డెసిబెల్స్ పెంచాలి. రాత్రిపూట నైట్ మోడ్ ఆన్ చేస్తే పెద్ద చప్పుళ్లు తగ్గి చిన్న మాటలు పైకొస్తాయి.

పెదాలకీ మాటకీ పొంతన కుదరకపోవడం ఇంకోటి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంస్థ ప్రమాణం ప్రకారం శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి గమనిస్తాడు, వెనకబడితే 125 దాకా గమనించడు. శబ్దం ముందొస్తుంటే రిసీవర్‌లో ఆడియో డిలే 20 చొప్పున పెంచుకుంటూ పోవాలి. వెనకబడుతుంటే డిలే ఏమీ చేయలేదు. టీవీ శబ్దాన్ని ఒక రూపం నుంచి ఇంకో రూపానికి మార్చే పని తగ్గించాలి, ఆటో నుంచి పాస్‌త్రూకి మార్చాలి, అప్పటికీ కుదరకపోతే ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కి తగిలించాలి.

స్పీకర్లలోంచి ఏమీ పెట్టకపోయినా ‘మ్‌మ్’ మనే హమ్ వస్తుంటే అది 50 హెర్ట్జ్ కరెంటుదే. ఇంట్లో కేబుల్ టీవీ ఉంటే ముందు ఆ కోయాక్స్ వైరు ఊడదీసి వినాలి. హమ్ ఆగిపోతే తప్పు అక్కడే ఉంది: వీధిలోంచి వచ్చే కేబుల్ ఎర్త్‌కీ, ఇంటి ఎర్త్‌కీ మధ్య తేడా వల్ల ఆడియో వైరు తొడుగులో కరెంటు పారుతోంది. టీవీ, సెట్‌టాప్ బాక్స్, యాంప్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి తేవడం మొదటి ప్రయత్నం. అదీ చాలకపోతే ఆప్టికల్‌కి మారాలి. ఆ వైరులో వెళ్లేది వెలుతురు కాబట్టి హమ్‌కి దారే ఉండదు. కొత్త ఆప్టికల్ కేబుల్ కొసలకు పారదర్శకమైన చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి, అవి తీయకుండా గుచ్చితే శబ్దం రాదు. అటు కొసలో ఎర్రటి వెలుగు కనిపిస్తోందో లేదో చూసి పెట్టాలి, కేబుల్‌ని సోఫా కాలి కింద మడవకూడదు. హమ్ పోతుందని యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. హమ్ నిజంగానే పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున మాత్రం 230 వోల్ట్‌లు యాంప్ ఇనుప పెట్టె మీదికి వస్తాయి, వాల్యూమ్ నాబ్ తిప్పే చెయ్యి దాన్నే తాకుతుంది. ఆ పిన్ తీయకూడదు.